ఎమ్డెన్: బొగ్గుతో బ్రతికిన ఓడ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి - ఈ మూడు ఊళ్లలో ఏ ఊరి మిట్ట నెక్కి చూచినను సముద్రము కనబడదు. ఇచ్చటివారికి నీరనగా చెరువు, వాగు, గోదావరి. చెరువులో ఈత నేర్చిన బాలునకు ఉప్పునీటి అల యెట్లుండునో పుస్తకములే చెప్పవలెను. అయినను సముద్రముమీద తిరిగిన పాతకాలపు ఓడల కథలో ఒక ముఖ్యభాగము ఈ ప్రాంతమువారికి ఇతరులకంటె సులభముగా బోధపడును. ఆ భాగము బొగ్గు.

భూపాలపల్లి నేల క్రింద బొగ్గు కలదు. కాకతీయ ఖని అను పేరుగల గనులలో దానిని త్రవ్వుచున్నారు. దాపుననున్న చెల్పూరు విద్యుత్కేంద్రములో ఆ బొగ్గు మండి వెలుగుగా మారుచున్నది. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలు జంక్షను నుండి ఇల్లెందు వైపునకు చీలిన రైలుదారి బొగ్గు కొరకే పుట్టినది. ఇల్లెందు ప్రాంతమున బొగ్గు ఉన్నదని 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రవేత్త గుర్తించెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలయ్యెను. సింగరేణి అను పల్లె పేరు ఆ గనులకు స్థిరపడెను. జనగామ మీదుగా ఆవిరి బండ్లు నడచిన దినములలో ఇంజనుపై నిలిచినవాడు పారతో బొగ్గు ఎత్తి కొలిమిలో విసరుచు, చెమటలు క్రక్కుచు, దారి పొడుగునను ఆ నిప్పును చల్లారనీయక కాపాడెడివాడు. నిప్పు నీటిని ఆవిరిగా మార్చును; ఆవిరి ముషలమును నెట్టును; ముషలము చక్రమును త్రిప్పును. అదే యంత్రము, అదే పార, అదే చెమట సముద్రముమీద మఱింత పెద్ద రూపము దాల్చినవి. అట్టి ఓడలలో ఒకదాని కథ ఇది. దాని పేరు ఎమ్డెన్. అది జర్మను యుద్ధనౌక. 1914లో తెలుగువారి తీరమునకు ఎదురుగా బంగాళాఖాతమున తిరిగి, మదరాసు నగరముపై గుండ్లు కురిపించిన ఓడ అదియే.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో జర్మనీ దేశమునకు ఒక పెద్ద కోరిక కలిగెను. భూమిమీద బలమైన సైన్యము దానికి అదివఱకే యుండెను. సముద్రముమీదను బ్రిటనుతో సరితూగవలెనని అది తలచెను. ఓడలు కట్టు రేవులలో సుత్తి మ్రోతలు ఎడతెగక వినవచ్చెను. ఆ కాలమున యుద్ధనౌకను రూపొందించువాని ముందు ఎల్లప్పుడును ఒక చిక్కు నిలిచియుండెడిది. ఉక్కు కవచమును దళసరిగా తొడిగినచో ఓడ బరువెక్కును. బరువెక్కినచో వేగము తగ్గును. వేగము కావలెనన్న పెద్ద యంత్రములు కావలెను. పెద్ద యంత్రములకు బొగ్గు ఎక్కువగా కావలెను. బొగ్గు పెరిగినచో మరల బరువే. ఒకటి పొందవలెనన్న మఱొకటి వదలుకొనక తప్పదు.

ఈ చిక్కునకు జర్మను శిల్పులు రెండు విధములైన సమాధానములు చెప్పిరి. షార్న్‌హార్స్ట్, గ్నైజెనౌ అను జంట ఓడలు మొదటి సమాధానము. వీనిని కవచ క్రూయిజర్లు అనిరి. ఒక్కొక్కటి 144 మీటర్ల పొడవు కలది. నిండు బరువుతో సుమారు 13,000 టన్నులు తూగెడిది. నడుము చుట్టును 15 సెంటీమీటర్ల దళసరి గల ఉక్కు పట్టెడ యుండెను. 21 సెంటీమీటర్ల నోరుగల ఫిరంగులు ఎనిమిదేసి యుండెను. ఎమ్డెన్ రెండవ సమాధానము. అది తేలిక క్రూయిజరు. దాని ప్రక్కలకు ఉక్కు పట్టెడ లేదు. యంత్రములపై నున్న తట్టునకు మాత్రము 8 సెంటీమీటర్ల వఱకు కవచము పఱచిరి. నాయకుడు నిలుచు గదికి 10 సెంటీమీటర్ల గోడ కట్టిరి. ప్రక్కలనున్న బొగ్గు గదులే కొంతవఱకు కవచము పని చేసెడివి. అనగా ఆ ఓడకు బొగ్గు ఆహారము మాత్రమే కాదు, చొక్కాయి కూడ.

ఎమ్డెన్‌ను బాల్టిక్ సముద్రతీరమందలి డాన్జిగ్ పట్టణపు ప్రభుత్వ నౌకాశాలలో కట్టిరి. 1908వ సంవత్సరము మే 26న దానిని నీటిలోనికి దింపిరి. 1909 జూలైలో అది నౌకాదళమున చేరెను. దాని పొడవు 118 మీటర్లు, వెడల్పు 13.5 మీటర్లు. మూడు పొగగొట్టములు, రెండు ఆవిరి యంత్రములు, పండ్రెండు బాయిలర్లు దానికి కలవు. అది గంటకు 23.5 సముద్రపు మైళ్ల వేగముతో పోగలదు. సముద్రపు మైలనగా 1,852 మీటర్లు. కావున ఆ వేగము గంటకు 43 కిలోమీటర్లకు పైమాట. 10.5 సెంటీమీటర్ల నోరుగల పది ఫిరంగులు, రెండు టార్పెడో గొట్టములు దాని ఆయుధములు. దానిలో సుమారు 360 మంది పని చేసెడివారు. తెల్లని రంగు పూసి, సన్నని యొడలితో తూర్పు సముద్రములలో అది సంచరించునపుడు జనులు దానిని తూర్పు హంసయని పిలిచిరి.

ఆ హంస యెంత తినెడిదో లెక్క వేయుట కష్టము కాదు. దాని గదులలో సుమారు 860 టన్నుల బొగ్గు పట్టును. గంటకు 12 సముద్రపు మైళ్ల మెల్లని నడకతో పోయినచో ఆ బొగ్గుతో 3,760 మైళ్లు సాగవచ్చును. అట్లు నడచిన ఓడ దినమునకు 288 మైళ్లు పోవును. కావున నిండుగా తిని బయలుదేరిన ఓడకు పదమూడు దినములలో ఆకలి పుట్టును. దినమునకు సగటున 66 టన్నులు దాని ఆహారము. నిండు వేగముతో పరుగెత్తినచో ఈ ఖర్చు అనేక రెట్లు పెరుగును. ఈ బొగ్గునంతను మనుష్యులే పారలతో ఎత్తి కొలుములలో విసరవలెను. సూర్యుడు కానరాని అడుగు అంతస్తులలో, ఉష్ణప్రాంతపు సముద్రములపై, నలువైపుల నిప్పుల నడుమ వారు వంతులవారీగా పని చేసిరి. నడిసముద్రమున మఱొక ఓడ నుండి బొగ్గు తీసికొనవలసినపుడు ఆ బస్తాలను మోయుటయు నావికుల వంతే. బొగ్గు పని ముగిసిన పిదప ఓడయు మనుష్యులును ఒకే రంగుగా నుండెడివారు.

1910 మొదలు ఎమ్డెన్ చైనా తీరమందలి సింగ్‌తావ్ రేవును స్థావరముగా చేసికొని యుండెను. ఆ రేవు నాడు జర్మనుల చేతిలో నుండెను. 1913లో కార్ల్ ఫాన్ ముల్లర్ అను నాయకుడు ఆ నౌకకు అధిపతి యయ్యెను. అతడు మితభాషి, నియమపరుడు. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమయ్యెను. తూర్పున నున్న జర్మను నౌకాదళమునకు అధిపతి అడ్మిరల్ ఫాన్ స్పే. అతడు తన ఓడలను పసిఫిక్ మహాసముద్రములోని పాగన్ దీవి వద్ద చేర్చి ఆలోచన సభ జరిపెను. స్వదేశము భూగోళమునకు అవతలి ప్రక్కన కలదు. దారి పొడుగునను గల బొగ్గు రేవులలో హెచ్చు భాగము బ్రిటిషువారివి. షార్న్‌హార్స్ట్, గ్నైజెనౌల వంటి పెద్ద ఓడలు గల దళమంతయు హిందూ మహాసముద్రమునకు పోయినచో వాని కడుపు నింపు బొగ్గు ఎక్కడ దొరకును? కావున దళము దక్షిణ అమెరికా వైపునకు పోవుటకు నిశ్చయించెను. అయితే ఒక్క తేలిక ఓడ మాత్రము హిందూ మహాసముద్రమునకు పోయినచో, శత్రువుల ఓడలను పట్టి, వాని బొగ్గుతోనే బ్రతుకవచ్చును. ఆ పని తనకిమ్మని ముల్లర్ కోరెను. స్పే అంగీకరించెను. మార్కొమానియా అను బొగ్గు ఓడను వెంటబెట్టుకొని ఎమ్డెన్ ఆగస్టు 14న దళమును వీడిపోయెను. యుద్ధ వ్యూహమని మనము పిలుచునది ఆ దినమున నిజమునకు బొగ్గు లెక్క.

దారిలో ఒక ఉపాయము పన్నిరి. బ్రిటిషు క్రూయిజర్లలో కొన్నిటికి నాలుగు పొగగొట్టములు కలవు, ఎమ్డెన్‌కు మూడే. కఱ్ఱతోను, గుడ్డతోను నాలుగవ గొట్టము కల్పించి నిలిపిరి. దూరము నుండి చూచువారికి అది బ్రిటిషు ఓడగానే తోచెను. సెప్టెంబరు 10వ తేదీ నాటికి ఎమ్డెన్ బంగాళాఖాతమున ప్రవేశించెను. కలకత్తాకును కొలంబోకును నడుమ వర్తక నౌకలు నిర్భయముగా, దీపములు వెలిగించుకొని పోవుచుండెను. మొదట దొరకినది పొంటోపొరోస్ అను గ్రీకు ఓడ. అందు 6,000 టన్నులకు పైగా బొగ్గు కలదు. అది మన దేశపు బొగ్గు. బ్రిటిషువారి పనికై పోవుచున్నది. ముల్లర్ ఆ ఓడను ముంచలేదు; తన వెంట నడిపించుకొనెను. ఆ బొగ్గు అంత మేలిరకము కాదు. మండునపుడు నల్లని పొగ దట్టముగా వెడలెను. దాగియుండవలసిన ఓడకు అది ఆపదయే. అయినను ఆకలిగొన్నవానికి రుచుల విచారణ యుండదు కదా!

తరువాత దొరకిన ఇండస్ అను ఓడలో సబ్బు సమృద్ధిగా లభించెను. బొగ్గు మసిలో మునిగియున్న నావికులకు అది బంగారముకంటె ప్రియమాయెను. అయిదు దినములలో లోవట్, కిల్లిన్, డిప్లొమాట్, ట్రాబాక్, క్లాన్ మాథెసన్ అను ఓడలు ఒకదాని వెనుక ఒకటి చిక్కి మునిగిపోయెను. డిప్లొమాట్‌లో తేయాకు, క్లాన్ మాథెసన్‌లో మోటారు కార్లు, రైలు ఇంజన్లు సముద్రము పాలయ్యెను. కాని ప్రతి ఓడను ముంచుటకు ముందు దానిలోని మనుష్యులను దింపి రక్షించుట ముల్లర్ నియమము. పట్టుబడినవారిని కబింగా అను ఓడలోనికి చేర్చి, ఆ ఓడను విడిచిపెట్టి ఇండ్లకు పంపెను. పోవునపుడు వారు తమ శత్రువునకు జయధ్వానములు చేసిరట. యుద్ధమున ఇట్టి మర్యాద అరుదు. ఆ మర్యాద వలననే శత్రు దేశపు పత్రికలు కూడ ముల్లర్‌ను మెచ్చుకొనెను.

మెప్పునకు తగిన ఈ కథలో మఱొక పుట కూడ కలదు. అది మదరాసు పుట.

నాడు గంజాము మొదలు నెల్లూరు వఱకు గల కోస్తా జిల్లాలు, రాయలసీమ మదరాసు రాజధానిలో చేరియుండెను. జనగామ, మానుకోట, భూపాలపల్లి నైజాము రాజ్యములోనివి. తెలుగువారికి మదరాసు పరాయి ఊరు కాదు. చదువులకు, వ్యాపారములకు, ముద్రణాలయములకు, కోర్టు పనులకు వారు అచ్చట చేరియుండిరి. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు ఎమ్డెన్ చీకటిలో ఆ నగరమును సమీపించెను. యుద్ధము జరుగుచున్నను తీరమున దీపములు వెలుగుచుండెను. దీపస్తంభము దారి చూపుచుండెను. ఓడ తన వెలుగు బాకాను రేవువైపు త్రిప్పెను. బర్మా చమురు కంపెనీవారి పెద్ద తొట్లు ఆ వెలుగులో తెల్లగా కనబడెను. వెంటనే ఫిరంగులు గర్జించెను. కొలది సేపటిలో 125కు పైగా గుండ్లు కురిసెను. చమురు తొట్లు భగ్గుమనెను. తీరమందలి ఫిరంగులు బదులు పలికినను ఒక్క గుండైనను ఎమ్డెన్‌కు తగులలేదు. ఓడ దీపము లార్పి చీకటిలో కలిసిపోయెను. మంటలు మాత్రము చాల దూరము వఱకు కనబడుచునే యుండెను.

ముల్లర్ గురి చమురు తొట్లే గాని నగరము కాదు. అయినను కనీసము అయిదుగురు ప్రాణములు కోల్పోయిరి; రేవులోని ఓడకును, ఊరిలోని కట్టడములకును గుండ్లు తగిలెను. గుండును విడుచు చేతికి మర్యాద యుండవచ్చును. విడిచిన గుండునకు మర్యాద తెలియదు. మరునాటి నుండి మదరాసు జనులు మూటలు కట్టుకొని ఊరు విడువసాగిరి. రైళ్లు క్రిక్కిఱిసిపోయెను. రైలు రుసుము లేనివారు బండ్లమీదను, కాలినడకను పోయిరి. ఎమ్డెన్ మరల రాలేదు. కాని దాని భయము అనేక దినములు ఊరిలో కాపురముండెను. తమిళ భాషలో మిక్కిలి గట్టివానిని, మాయగానిని ఎమ్డెన్ అని పిలుచు వాడుక ఆనాటి నుండి కలిగెను. ఉన్నత న్యాయస్థానపు గోడవద్ద ఆ గుండ్ల దాడిని గుర్తుచేయు శిలాఫలకము కలదు.

నైజాము రాజ్యమునకు సముద్రము లేకున్నను యుద్ధము దానిని విడువలేదు. 1914లోనే హైదరాబాదు గుఱ్ఱపు దళము సముద్రము దాటి ఈజిప్టునకు పోయి, సూయజు కాలువ రక్షణలోను, పిమ్మట పాలస్తీనా రణరంగములలోను పాల్గొనెను. మైసూరు, జోధ్‌పూరు దళములతోపాటు ఆ దళమునకును గుర్తుగా ఢిల్లీలో నిలిపిన మూడు విగ్రహములే తీన్‌మూర్తి. మన దేశపు సైనికులు ఓడలెక్కి పోవలసిన ఆ దినములలో ఒక్క జర్మను ఓడ ఎక్కడ కలదో తెలియక, దానిని వెదకుటకు బ్రిటిషు, ఫ్రెంచి, రష్యను, జపాను నౌకలు అనేకము తిరుగవలసివచ్చెను. వర్తకనౌకలు రేవులు దాటుటకు వెనుకాడెను. ఒక్క ఎమ్డెన్ చేసిన నష్టములో ముంచిన ఓడలు కొంత. రేవులలో కదలక నిలిచిపోయిన ఓడలు మఱికొంత.

మదరాసు పిమ్మట ఎమ్డెన్ సింహళము చుట్టును తిరిగి మఱికొన్ని ఓడలను పట్టెను. వానిలో బురెస్క్ అనునది ఎమ్డెన్ పాలిటి నిధి. అందు బ్రిటిషు నౌకాదళము కొరకు పంపిన మేలిరకపు వేల్సు బొగ్గు 6,000 టన్నులకు పైగా కలదు. శత్రువు తన ఓడలకై పంపిన అన్నమును ఎమ్డెన్ తినెను. అక్టోబరులో అది డియాగో గార్షియా అను మారుమూల దీవికి చేరగా, ఆ దీవివారికి ప్రపంచమున యుద్ధము మొదలైనదన్న సంగతియే తెలియదు! అచ్చట ఓడ అడుగున పట్టిన నాచును గీకి, బొగ్గు నింపుకొని మరల బయలుదేరెను. అక్టోబరు 28 తెల్లవారుజామున నాలుగవ గొట్టపు వేషముతో మలయా దేశపు పెనాంగు రేవులో దూరి, లంగరు వేసియున్న జెమ్‌చుగ్ అను రష్యను క్రూయిజరును టార్పెడోలతో ముంచెను. తిరిగి వచ్చుచు ముస్కె అను ఫ్రెంచి నౌకను ముంచి, నీటిలో కొట్టుకొనుచున్న శత్రు నావికులను ఎత్తి రక్షించెను.

ఇట్లు సుమారు రెండు నెలలలో ఇరువదికి పైగా వర్తక నౌకలు ఆ ఒక్క ఓడ చేత చిక్కెను. కాని బొగ్గు ఋణము తీరునది కాదు. ప్రతి రెండు వారములకును ఎక్కడనో ఒక చోట ఆగవలెను. ఆగిన ఓడ దాగలేదు.

1914 నవంబరు 9 ఉదయమున ఎమ్డెన్ కోకోస్ దీవులకు చేరెను. ఆ దీవులలో సముద్రపు అడుగున పోవు తంతి తీగెలు కలిసెడి కేంద్రము కలదు. దానిని పాడుచేయుటకు హెల్ముత్ ఫాన్ మ్యూకె అను అధికారి వెంట సుమారు యాబది మందిని ముల్లర్ దీవిపైకి పంపెను. కేంద్రములోని ఉద్యోగులు కల్పిత గొట్టమును గుర్తుపట్టిరి. జర్మనులు గడప త్రొక్కుటకు ముందే అపరిచిత నౌక వచ్చినదని నిస్తంత్రి వార్త పంపిరి. నాడు ఆస్ట్రేలియా, న్యూజీలండు సైనికులతో ముప్పదికి పైగా ఓడల బారు ఆ దారిన పడమరకు పోవుచుండెను. దాని కాపలా నౌకలలో నొకటియైన సిడ్నీ అను ఆస్ట్రేలియా క్రూయిజరు సుమారు 50 మైళ్ల దూరమున మాత్రమే కలదు. వార్త అందగానే అది నిండు వేగముతో బయలుదేరెను.

ఎమ్డెన్ ఆ వేళ తన బొగ్గు ఓడయైన బురెస్క్ కొరకు ఎదురుచూచుచుండెను. దిక్కుల అంచున పొగ కనబడగానే అది బురెస్కేనని కావలివారు తలచిరి. పొగ దగ్గఱకు వచ్చుకొలది గొట్టములు, ఫిరంగులు స్పష్టమయ్యెను. అది అన్నము తెచ్చు ఓడ కాదు. దీవిపై నున్నవారు తిరిగి వచ్చుటకు వ్యవధి లేదు. వారిని అక్కడనే విడిచి ఎమ్డెన్ లంగరెత్తెను. బొగ్గు కొరకు చూచిన ఎదురుచూపే దానికి కాలపాశమయ్యెను.

సిడ్నీ 5,400 టన్నుల ఓడ. దాని ఎనిమిది ఫిరంగుల నోరు 15 సెంటీమీటర్లు. అది ఎమ్డెన్‌కంటె వేగము గలది. మొదటి గుండ్లు ఎమ్డెన్‌వే తగిలెను. కాని సిడ్నీ తన దూరము తాను ఎంచుకొని, ఎమ్డెన్ గుండ్లు అందని చోటు నుండి కొట్టసాగెను. ఒకదాని వెనుక ఒకటి ఎమ్డెన్ మూడు గొట్టములును కూలెను. గొట్టములు కూలినచో కొలిమికి గాలి లాగదు. గాలి లేనిది బొగ్గున్నను నిప్పు మండదు. ఓడ మునుగుటకంటె గట్టెక్కుట మేలని ముల్లర్ దానిని నార్త్ కీలింగు దీవి పగడపు దిబ్బలపైకి నడిపెను. ఎమ్డెన్ నావికులలో 130 మందికి పైగా మరణించిరి. సిడ్నీలో నలుగురు మరణించిరి. అదే దినమున బురెస్క్ కూడ సిడ్నీకి చిక్కగా, దానిలోని జర్మనులు దానిని తామే ముంచివేసిరి. ఎమ్డెన్ కొరకు దాచిన బొగ్గు సముద్రగర్భమున చేరెను.

దీవిపై మిగిలిన మ్యూకె బృందము అచ్చటి ఆయెషా అను చిన్న తెరచాప ఓడ నెక్కి తప్పించుకొనెను. వేల మైళ్లు సాగి, ఓడలు మారి, అరేబియా తీరము చేరి, ఎడారి దారులు గడచి 1915లో వారు కాన్‌స్టాంటినోపిలు చేరుకొనిరి. గమనింపదగినది ఏమనగా, ఆయెషాకు బొగ్గు అక్కఱలేదు, గాలి చాలును.

దక్షిణ అమెరికా వైపునకు పోయిన కవచపు జంట సంగతియు తెలిసికొనవలెను. షార్న్‌హార్స్ట్, గ్నైజెనౌలు 1914 నవంబరు 1న చిలీ దేశపు కొరొనెల్ వద్ద రెండు బ్రిటిషు క్రూయిజర్లను ముంచి గెలిచెను. అయిదు వారములకే, డిసెంబరు 8న, ఫాక్‌లాండు దీవుల వద్ద తమకంటె పెద్దవి, వేగము గలవియైన బ్రిటిషు ఓడలు వానిని తరిమి ముంచెను. 15 సెంటీమీటర్ల ఉక్కు పట్టెడ వానిని కాపాడలేకపోయెను. షార్న్‌హార్స్ట్‌లో ఒక్కడును బ్రతుకలేదు. అడ్మిరల్ స్పేయు, నౌకాదళములోనే యున్న ఆయన కుమారు లిరువురును ఆ యుద్ధమున మరణించిరి. పట్టెడ గల ఓడలకును, లేని ఓడకును నెల దినముల తేడాతో ఒకే గతి పట్టెను.

ఓడలు కట్టినవారు ఉక్కు దళసరిని కొలిచిరి, ఫిరంగి నోటిని కొలిచిరి, వేగమును కొలిచిరి. ఆ కొలతలన్నియు నిజమే. కాని స్వంత రేవు లేని ఓడ బలమును ఆ కొలతలు చెప్పజాలవు. పదమూడు దినముల బొగ్గు - అదియే ఎమ్డెన్ ఆయుష్షునకు నిజమైన కొలత. ప్రతి దొరకిన ఓడతోను ఆ ఆయుష్షు మఱికొన్ని దినములు పెరిగెను. ఒక ఉదయమున పెరుగలేదు. బలవంతుడని పేరొందినవాని బలము ఎవరి చేతులమీదుగా వచ్చుచున్నదో అడిగి తెలిసికొన్నగాని ఆ బలము హద్దు తెలియదు. కాలక్రమమున ఓడలు బొగ్గును విడిచి చమురునకు మారెను. అయినను ఆ ప్రశ్న మారలేదు. దానికి జవాబు చెప్పు సరకు మాత్రము మారెను.

ఎమ్డెన్ ఫిరంగులలో నొకటి నేటికిని సిడ్నీ నగరపు హైడ్ పార్కులో కలదు. నాయకుల పేర్లు చరిత్ర గ్రంథములలో కలవు. మదరాసులో గుండు పడిన తావునకు ఫలకము కలదు. కాని ఆ ఓడ అడుగున నిలిచి దినమునకు అన్ని టన్నుల బొగ్గును పారలతో ఎత్తిపోసినవారికి ప్రత్యేకముగా ఏ ఫలకమును లేదు. గుండు తగిలినపుడు పై తట్టునకు వచ్చుటకు కూడ వారికి దారి దూరమే. ఆ దూరము ఎట్టిదో భూపాలపల్లి గనిలోనికి వంతు దిగువారి ఇండ్లలో వేఱుగా వివరింపనక్కఱ లేదు. వంతు ముగిసి మనిషి పైకి వచ్చు వఱకు ఇంటివారి చూపు దారిమీదనే యుండును. ఓడ గాని, రైలు గాని, దీపము గాని వెలుగుచు ముందుకు పోవుచున్నదన్నచో, వెలుగు కానరాని చోట ఎవరో ఒకరు పార పట్టి నిలిచియున్నారని అర్థము.